కింద నిలబడ్డవాళ్లని అడగండి

పోయిన ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. అక్కడ శనివారం రాత్రి. పోటీ ముగించుకుని ఇంటికొచ్చింది, ముఖాన మెరుపులు ఇంకా కడుక్కోలేదు. "బాబాయ్, పైనున్న పిల్లని జార్చేశాం" అంటూ ఏడ్చేసింది.

చీర్‌లీడింగ్ అనగానే మనకి ఐపీఎల్ బౌండరీ దగ్గర గెంతే అమ్మాయిలు గుర్తొస్తారు. ఇది వేరు, జట్లు పోటీపడే ఆట. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీని సమాఖ్యకి పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది. పాట మహా అయితే రెండున్నర నిమిషాలు. కింద ఇద్దరు నిలబడి ఒకమ్మాయిని అరచేతుల మీద తలకంటే ఎత్తుకి లేపుతారు. వాళ్లు బేస్‌లు, పైకెక్కేది ఫ్లయర్, వెనక మెడా తలా కాసుకునేది స్పాటర్. మా పిల్ల బేస్.

"పడ్డాక వెంటనే లేచింది బాబాయ్. పాట ఇంకా ఉంది. మళ్లీ ఎత్తమని కళ్లతోనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపేశాను. మణికట్టు తిమ్మిరెక్కి పట్టు దొరకట్లేదు. ఇప్పుడు జట్టులో సగం మంది నాతో మాట్లాడట్లేదు."

మంచి పని చేశావమ్మా అన్నాను. ఓదార్పుకి అన్న మాట కాదది. కొల్లేటి ఒడ్డున ఉట్టి కింద నిలబడి నేర్చుకున్నది.

మా అమ్మమ్మగారి ఊరు కైకలూరు అవతల. కృష్ణాష్టమికి రామాలయం ముందు రెండు రాటల మధ్య తాడు కట్టి ఉట్టి వేలాడదీసేవారు. తాడు పట్టుకున్నవాడు దాన్ని పైకీ కిందికీ ఆడిస్తుంటే చుట్టూ బిందెలతో నీళ్లు కొట్టేవారు. వానాకాలం, నల్లరేగడి బురద. ఒకరి భుజాల మీద ఒకరెక్కి దాన్ని కొట్టాలి. పదిహేనేళ్లకే ఒళ్లున్నవాణ్ని కాబట్టి నన్నెప్పుడూ కింది వరసలోనే నిలబెట్టేవారు. పైవాడి పాదం భుజం కండ మీద పడితే ఎంత బరువైనా ఓర్చుకోవచ్చు. వేలెడు పక్కకి జరిగి మెడ ఎముక మీద పడిందా, కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఆ సంగతి చూసేవాళ్లకి తెలియదు, పైవాడికీ తెలియదు.

ఒక ఏడాది మూడో వరస లేచాక కూలిపోయాం. జనం "మళ్లీ ఎక్కండ్రా" అని అరుపులు. పైనుంచి పడ్డవాడు అప్పటికే లేచి లుంగీ బిగించాడు. వల లాగీ లాగీ చేతులు కాయలు కాచిన ఒక పెద్దాయన వాడి వంక చూడకుండా నేరుగా మా కింది వరస దగ్గరికొచ్చాడు. ఒక్కొక్కడి భుజం నొక్కి, "నీ సంగతేంట్రా?" అనడిగాడు. కాళ్లు వణుకుతున్నాయన్నాను. గట్టు మీద కూర్చోమన్నాడు. మేం కూర్చున్నంతలో అవతలి వీధివాళ్లు ఉట్టి కొట్టేశారు. నాకు ఆ రాత్రి ఏడుపొచ్చింది. మా వాళ్లెవరికీ మెడ విరగలేదన్న మాట చాలా ఏళ్లకి గానీ తట్టలేదు.

ఎత్తబోయి తప్పడం వెయిట్‌లిఫ్టింగ్‌లోనూ ఉంది. మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో చివరి ప్రయత్నంగా 137.5 కిలోలకి దిగి తప్పింది. 240 కిలోల మొత్తంతో కాంస్యం దక్కింది. ఆ ఆటలో ఒకే మనిషి వెంటవెంటనే ఎత్తాల్సివస్తే రెండు నిమిషాల గడువిస్తారు. ఊపిరి తిరగాలి కదా. పైగా అక్కడ జారితే పడేది ఇనుము. చీర్‌లీడింగ్‌లో పాట ఎవరికోసమూ ఆగదు, జారితే పడేది పిల్ల. ఒకసారి పడ్డ పిల్లకి భయంతో మోకాళ్లు మెత్తబడతాయి, నడుం వెనక్కి వాలుతుంది. కిందివాళ్ల చేతులు అప్పటికే చెమటతో జారుతుంటాయి. ఇంత చేసి మళ్లీ ఎత్తినా, పడినందుకు కోసిన మార్కు వెనక్కి రాదు. రెండోసారి పడితే ఇంకోటి కోస్తారు. మిగిలిన వరసలు కలుపుకుని పాట ముగించడమే నయం.

స్పెయిన్‌లో కాటలోనియావాళ్లు కట్టే మనుషుల గోపురాల్లో, కట్టి క్షేమంగా దిగినదానికి ఒక లెక్క, కట్టాక కూలినదానికి అంతకంటే తక్కువ లెక్క. దిగడం కూడా విద్యేనని వాళ్లకి తెలుసు.

ప్రాక్టీసు సంగతి వేరు. అక్కడ మాత్రం పడినరోజే మళ్లీ ఎత్తాలి. వదిలేస్తే ఆ పడటమే రాత్రంతా తలలో తిరుగుతుంది. ముందు భుజాల ఎత్తుకి లేపి దించాలి, అది కుదిరాకే పైకి.

ఆగస్టు 15 వస్తోందంటే ఏలూరులో, తాడేపల్లిగూడెంలో బళ్లల్లో పిల్లలచేత పిరమిడ్లు కట్టిస్తారు. కూలిన మరుక్షణం, అతిథులు చూస్తున్నారని ఈల ఊది మళ్లీ కట్టించడం నా కళ్లతో చూశాను. డ్రిల్లు మాస్టార్లూ, దండం పెట్టి అడుగుతున్నాను. ఈల నోట్లో పెట్టుకునే ముందు కింద మోకాళ్ల మీద ఉన్న పిల్లాడి దగ్గరికెళ్లి వాడి భుజం నొక్కి చూడండి.

బుధవారం మా పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. మణికట్టుకి పట్టీ వేసుకుంది. జట్టులో అందరికంటే ముందు మాట్లాడింది ఎవరమ్మా అంటే, ఆ పడ్డ పిల్లేనట. "చెయ్యెలా ఉంది?" అని అడిగిందట.