అల్లాయ్ చక్రములు - సీసాలపై రాతలు

కార్ల సామాను అమ్ము దుకాణములలో అల్లాయ్ చక్రములను తుడుచుటకు ఉంచిన సీసాల చీటీలు చదివినచో మన పాఠశాల రసాయనశాస్త్రము అంగడికెక్కినట్లు తోచును. ఒకదానిపై ‘ఆసిడ్ ఫ్రీ’ అని, మరొకదానిపై ‘పి.హెచ్. న్యూట్రల్’ అని, ఇంకొకదానిపై ‘9 హెచ్ కాఠిన్యము’ అని ఉండును. గ్రంథములను విమర్శించినట్లే ఈ రాతలను కూడ విమర్శింపవలసియున్నది. ఏలయనగా వీటిని నమ్మి వట్టి చేతులతో పనిచేయువారు అనేకులున్నారు. పైగా వీటిలోని మాటలు పదవ తరగతి విద్యార్థి పరీక్షింపగల మాటలే.

ఈ రాతలలో తరచుగా కనిపించు లోపము చక్రమును వట్టి లోహముగా భావించుట. 1924లో బుగాటి సంస్థ తన టైప్ 35 పందెపు కారుకు పోత అల్యూమినియము చక్రములను అమర్చినది. నేటి పోత చక్రములలో ఎక్కువగా వాడబడుచున్నది ఎ356 అను మిశ్రమము. అందులో నూటికి సుమారు 7 పాళ్ళు సిలికాను, 0.3 పాలు మెగ్నీషియము, మిగిలినది దాదాపు అంతయు అల్యూమినియము. కాని తుడుచువాని గుడ్డ సాధారణముగా ఈ మిశ్రమమును తాకనే తాకదు. లోహముపై ఒక పునాది పూత, దానిపై రంగు, ఆపైన పారదర్శకమైన వార్నిషు ఉండును. దీనినే రంగు వేయువారు క్లియర్ కోట్ అందురు. ‘లోహమునకు అద్దమువంటి మెరుపు’ అని చెప్పు లేపనముతో ఇట్టి చక్రమును గట్టిగా రుద్దినచో అరుగునది ఆ వార్నిషే. కావున ముందుగా తెలిసికొనవలసినది పైన ఉన్నదేమి అని. చక్రము వెనుకవైపున ఒక చిన్నచోట తెల్లగుడ్డతో కొద్దిగా లేపనము రుద్ది చూడవలెను. గుడ్డ నల్లబడినచో అది పూతలేని అల్యూమినియము. గుడ్డకు చక్రపు రంగు అంటినచో పైన వార్నిషు లేని రంగు. ఏదియు అంటనిచో వార్నిషు ఉన్నది. ఇంత సులభమైన పరీక్షను చీటీలపై అచ్చువేయుటకు చోటు చాలదని అనుకొనుట కష్టము.

ఇక ‘ఆసిడ్ ఫ్రీ’ సంగతి. మన ఇండ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోముట పాత అలవాటు. చింతపండులోని ఆమ్లము ఇత్తడిపై పట్టిన చిలుమును కరగించును, బిందె మెరయును. అదే ఉపాయమును అల్యూమినియమునకు వర్తింపజేయుట తగదు. అల్యూమినియముపై ఏర్పడు ఆక్సైడు పొర కొద్ది నానోమీటర్ల మందము మాత్రమే అయినను, లోహమును గాలినుండి, నీటినుండి కాపాడునది అదే. పి.హెచ్. సుమారు 4 నుండి 8.5 వరకు ఉన్న ద్రవములలో ఆ పొర నిలకడగా ఉండును. అంతకు తగ్గినను కరగును, పెరిగినను కరగును. అల్యూమినియము ఆక్సైడు ద్విస్వభావముగలదని మనము తరగతిలో చెప్పుకొను మాటకు అర్థమిదియే. వేడినీటిలో చాకలిసోడా కలిపి, అందు ఒక అల్యూమినియము రేకుముక్కను వేసి ఉపాధ్యాయులు విద్యార్థులకు చూపవచ్చును. కొంతసేపటికి బుడగలు లేచును. అవి హైడ్రోజను బుడగలు గనుక దగ్గర మంట ఉండరాదు. ఊళ్ళలో సత్తు గిన్నె అనబడు అల్యూమినియము గిన్నెలో సోడా వేసి కాచినచో గిన్నె నల్లబడుటయు ఇట్టిదే. అనగా ఆమ్లము లేదని చెప్పినంత మాత్రమున చక్రమునకు భయము తొలగలేదు. ఘాటైన క్షారము నిండిన సీసాపై కూడ ‘ఆసిడ్ ఫ్రీ’ అని సత్యముగానే అచ్చువేయవచ్చును! వార్నిషు చెక్కుచెదరని చక్రము కొంత ఓర్చుకొనును గాని, రాయి తగిలి పూత లేచినచోట ద్రవము నేరుగా లోహమునే చేరును.

ఆమ్లముగల మందులలో మరొక ప్రమాదము కలదు. కొన్నింటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమో, అమ్మోనియం బైఫ్లోరైడో ఉండును. ఇవి మొండి మరకలను త్వరగా తీయును. కాని ఫ్లోరైడు చర్మముగుండ లోనికి చొరబడి శరీరములోని కాల్షియమును పట్టుకొనును. పలుచని ద్రావణమైనచో నొప్పి కొన్ని గంటలవరకు తెలియకపోవచ్చును. ఎక్కువగా సోకినచో గుండె లయ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. తగిలిన వెంటనే ధారాళముగా నీటితో కడిగి ఆసుపత్రికి పోవలెను. అచ్చట కాల్షియం గ్లూకోనేట్ లేపనము వాడుదురు. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో తొడుగులు లేకుండ రోజుకు పది కార్లు కడుగు కుర్రవానికి ఈ సంగతి ఎవరు చెప్పవలెను? మెరుపును గూర్చి పెద్ద అక్షరములతో వ్రాసి, ఫ్లోరైడును గూర్చి భూతద్దము పెట్టినగాని కనబడని ఆంగ్లములో వ్రాయుట క్షమింపరానిది.

‘పి.హెచ్. న్యూట్రల్’ అను మాటకు మాత్రము కొంత గౌరవమీయవలెను. బ్రేకు వేసినప్పుడు పోత ఇనుప డిస్కునుండి, ప్యాడ్లనుండి రాలు వేడి ఇనుప రజను చక్రముపై అంటుకొని తుప్పుపట్టును. తటస్థ ద్రవములలో పెక్కింటియందుండు థయోగ్లైకొలేట్ లవణము ఆ ఇనుముతో కలిసి ఊదారంగు సమ్మేళనమై నీటిలో కొట్టుకొనిపోవును. చూచుటకు వేడుకగా ఉండును. ఇది మంచి రసాయనశాస్త్రమే. ఐతే ఆ రంగు ఇనుమునకు గుర్తు, మురికి అంతటికిని గుర్తు కాదు. జిడ్డు, తారు దానికి లొంగవు. పైగా తటస్థమనగా నిరపాయమని అర్థము కాదు. రోమములను తొలగించు లేపనములలో పనిచేయునది ఈ కుటుంబమునకు చెందిన లవణమే గనుక చేతికి తొడుగు ఉండవలెను. చక్రము వేడిగా ఉన్నప్పుడు ఏ మందునైనను చల్లరాదు. నీరు ఆవిరియై మందు చిక్కబడి మచ్చలుగా ఎండిపోవును.

ఇక ‘9 హెచ్’. సిరామిక్ పూతలు అమ్మువారు కొందరు ఈ అంకెను చూపి, వజ్రము 10 గనుక తమ పూత దాని ప్రక్కనే నిలుచునని వినువారికి తోచునట్లు మాట్లాడుదురు. ఖనిజములను కొలుచు మోస్ మానములో వజ్రము 10, స్ఫటికము 7. ‘9 హెచ్’ ఆ మానములోనిది కానే కాదు. అది పెన్సిలు కాఠిన్యము. గ్రాఫైటు, బంకమట్టి కలిపి చేసిన 9 హెచ్ పెన్సిలుతో గీసినప్పుడు పూతపై గీత పడలేదని మాత్రమే దాని భావము. రోడ్డు దుమ్ములోని ఇసుక స్ఫటికమే. అందుచేత పూత ఉన్నను లేకున్నను ఎండిన దుమ్మును పొడిగుడ్డతో తుడువరాదు. ముందు నీరు చిమ్మి ఇసుకను దించవలెను. పూత వలన ప్రయోజనము లేదని మా అభిప్రాయము కాదు. నీరు, రజను తేలికగా జారిపోవును, తరువాత కడుగుట సులభమగును. రోడ్డు అంచు రాయి ఒరిసినప్పుడు మాత్రము అది చక్రమును కాపాడలేదు.

ఇన్ని చెప్పు చీటీలు వార్నిషు క్రింద సాగు దారపు తుప్పును గూర్చి సాధారణముగా మౌనము వహించును. పూత లేచిన చిన్నచోట ఉప్పుతేమ చేరినచో, అచ్చటినుండి సన్నని తెల్లని దారములవలె తుప్పు ప్రాకును. విశాఖపట్నము, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో తేమ, లవణము రెండును సమృద్ధిగా ఉన్నవి. దారములు కనిపించిన తరువాత పైన మైనము పూసినను, సిరామిక్ పూసినను అవి ఆగవు. పాత వార్నిషు తీసి, తుప్పు తొలగించి, మరల పూత వేయవలెను. డైమండ్ కట్ చక్రముల ముఖము యంత్రముపై చెక్కినది. దానిపై రంగు లేక వట్టి వార్నిషే ఉండును. వాటిని బాగుచేయుటకు మరల చెక్కవలెను, చెక్కిన ప్రతిసారి కొంత లోహము పోవును. అందుచేత ఎన్నిసార్లైనను చెక్కుటకు వీలులేదు. తీరమున నివసించువారు లేచిన పూతకు వెంటనే చుక్క వార్నిషు వేయించి, వారమునకొకసారి వట్టి మంచినీటితో చక్రపు వెనుకవైపును కూడ కడిగినచో, ఖరీదైన సీసాలు అంతగా అవసరముండవు.