బిగువు విడుచు విద్య

మంగళగిరిలోగాని పోచంపల్లిలోగాని, ప్రొద్దు పొడిచినది మొదలు గుంటమగ్గము ముందర కూర్చుండి, పాదములతో గుంటలోని కఱ్ఱలను త్రొక్కుచు, ఒకచేత త్రాడు లాగి నాడెను పరుగెత్తించుచు, పోగులమీదనుండి చూపు మరల్పకుండ నేత నేయు పనివాని వీపును ఒకమాఱు వెనుకనుండి చూడవలెను. మెడ ముందునకు సాగి, భుజములు లోనికి ముడుచుకొని, నడుము విల్లువలె వంగియుండును. మగ్గము దిగి వీథిలో నడచునపుడు సైతము ఆ వంపు ఆతని విడువదు. నేడు కంప్యూటరు ముందర దినమెల్ల గడపు ఉద్యోగి వీపు కూడ దీనికి తోబుట్టువే.

ఇట్టివారిని చూచి ఇంటిలోని పెద్దలు “నిటారుగా కూర్చోరా” అని హెచ్చరింతురు. వారును ఆ క్షణమున ఛాతి విరిచి కూర్చుండి, మఱుక్షణమున యథాస్థితికి జాఱిపోవుదురు. ఇది వారి అలసత్వము కాదు. ఏండ్ల తరబడి ఒకే భంగిమలో నిలిచిన దేహమున ఱొమ్ముకండరములు కుఱుచలై, వీపు పైభాగమునందలివి సాగి దుర్బలములై, తొడయెముకను నడుమువెన్నుతో కలుపు లోపలి కండరములు బిగిసి యుండును. ఆ బిగువును విప్పకయే సంకల్పబలముచేత దేహమును నిలువబెట్టబూనుట పాతముడిమీద క్రొత్తముడి వేయుటయే యగును. ముందు విడుపు, పిదప నిలుపు: ఈ క్రమమును గ్రహించుటలోనే మన యోగవిద్య గొప్పతనమున్నదని నా దృఢవిశ్వాసము.

యోగసూత్రములు దాదాపు రెండువందలుండగా, ఆసనమును గూర్చి పతంజలి చెప్పినవి మూడు మాత్రమే. వానిలో ఒక్క భంగిమ పేరైనను లేదు. స్థైర్యమును సుఖమును ఒక్కచోట నుండవలెననియు, ప్రయత్నము సడలి చిత్తము అనంతమునందు లీనమైనప్పుడు ఆసనము సిద్ధించుననియు కలదు. ప్రయత్నశైథిల్యమను ఆ మాటను నేనెన్నిమార్లు తలచుకొన్నను తనివి తీరదు. పనికి కావలసినంత బలమును మాత్రమే వాడి, తక్కినదానిని విడిచివేయుట, అనగా దవడ బిగింపక, కనుబొమలు ముడువక, ఊపిరి బిగబట్టక ధనురాసనము వేయుట ఎంతటి సాధనయో వేసినవారికే తెలియును.

ఈ విడుపునకు ద్వారము శ్వాసము. గుండె కొట్టుకొనుటను మనము నేరుగా శాసింపలేము; జీర్ణక్రియనును శాసింపలేము; శ్వాసము మాత్రము తనంతట తాను నడచుచునే మన మాట కూడ వినును. భయముగాని తొందరగాని కలిగినవాడు ఉదరమును బిగబట్టి ఱొమ్ము పైభాగముతో ఊపిరి పీల్చును. అప్పుడు మెడకిరుప్రక్కలనున్న కండరములు ప్రక్కటెముకలను పైకెత్తుటకు పూనుకొని, దినమునకు వేలకొలది మార్లు ఉదరవితానము చేయవలసిన పనిని తాము చేయుచుండును. మెడ పట్టుకొన్నదని బాధపడువారు దిండును మార్తురుగాని ఊపిరిని గమనింపరు. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పొట్టమీద అరచేయి నుంచి, నాలుగు లెక్కించునంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆఱుగాని ఎనిమిదిగాని లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. విడుచు ఊపిరి దీర్ఘమైనకొలది గుండె వేగము తగ్గి, నాడీమండలము విశ్రాంతివైపునకు మొగ్గును. తుమ్మెదవలె నాదము చేయుచు గాలి విడుచు భ్రామరి కూడ ఇందుకే ఉపకరించును. తొలినాళ్లలో ఊపిరి బిగబట్టు కుంభకము జోలికి పోరాదు.

అటుపిమ్మట ఆసనములు. చేతులు మోకాళ్లు నేలనూని శ్వాసముతోపాటు వెన్నును కదపు మార్జాలాసనము, బోర్ల పరుండి వీపుబలముతోనే ఱొమ్మునెత్తు భుజంగాసనము తొలుత చాలును. 1918లో మైసూరు రాజ్యమునందలి బెళ్లూరున జన్మించి, బాల్యమున వ్యాధులచేత కృశించి, తిరుమల కృష్ణమాచార్యులవారియొద్ద శిక్షణ పొంది, 1937లో పూనా చేరిన బి.కె.ఎస్. అయ్యంగారు ఈ విషయమున చేసిన ఉపకారము చాల గొప్పది. త్రాడు, పట్టీ, చెక్కదిమ్మ, మడచిన కంబళి మున్నగువానిని సాధకునకు ఆధారముగా నొసగి, బిగిసిన దేహము సైతము ఆసనమున నెమ్మదిగా నిలుచునట్లు చేసిరి. వీపు పైభాగము క్రింద కంబళి మడచి యుంచుకొని, చేతులు ప్రక్కలకు చాపి పది నిమిషములు పరుండినచో ఱొమ్ము తనంతట తాను విచ్చుకొనును, విరువనక్కఱలేదు. నడుమునొప్పి కాలిలోనికి ప్రాకినను, తిమ్మిరి యెక్కినను ముందుగా వైద్యుని చూడవలెను.

తుదకు శవాసనము. శ్రమను హరించి చిత్తమునకు విశ్రాంతి నిచ్చునదిగా హఠయోగప్రదీపిక దీనిని పేర్కొన్నది. దీనిని నిద్రగా భావించుట పొరపాటు. కాలివ్రేళ్లనుండి నొసటివఱకు ఎఱుకను మెల్లగా నడిపించుచు పోగా, ఇన్నాళ్లును మనకు తెలియకయే బిగించి యుంచిన చోట్లు ఒకటొకటిగా బయటపడును: నాలుక అంగిటికి అంటియుండును, ఎడమభుజము కుడిదానికన్న పైకి లేచియుండును, అరచేయి లేని వస్తువును పట్టుకొని యుండును. తెలిసినంతనే సగము సడలును. ధ్యానమని వేఱుగా చెప్పబడునది ఇచ్చటనే మొదలగును. మధ్యాహ్నవేళ మగ్గము దిగి, ఆ ప్రక్కనే చాపమీద పదునైదు నిమిషములిట్లు పరుండిన నేతగాడు, మరల గుంటలో కాళ్లు దింపునపుడు తన భుజములు చెవులకు దూరముగా నున్నవని తానే గమనించి, నాడె త్రాటిని మెత్తని పట్టుతో లాగును.