టీ వద్దనే అతిథులు

అనంతపురం పక్కన మా బుక్కరాయసముద్రంలో ఎవరింటికి వెళ్ళినా ముందు నీళ్ళు, వెనకే టీ. కావాలా అని అడగరు, తెచ్చి పెడతారు. వద్దంటే "ఏం, మా ఇంట్లో తాగరా?" అంటారు. ఆ మాట వెనక కులం ఉంది, తరాల అవమానాలున్నాయి. అలాంటి చోట, టీ కాఫీలు ముట్టనని మాటిచ్చి వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు గడప తొక్కితే? మజ్జిగుంటే ఇవ్వమ్మా అనాలి, ఇచ్చింది కిందికి దించకుండా తాగాలి. మోర్మన్ మిషనరీల గురించి చదువుతుంటే నాకు ముందు తట్టిన చిక్కు ఇదే. సిద్ధాంతాల గొడవ తర్వాత.

వాళ్ళు తమను యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అని చెప్పుకుంటారు. జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలుపెట్టాడు. ఇప్పుడు కేంద్రం యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథాన్నీ లేఖనంగా నమ్ముతారు కాబట్టి మిగతా క్రైస్తవ శాఖలు చాలావరకు వీళ్ళను దూరంగానే ఉంచుతాయి. ప్రచారమంతా కుర్రకారు మీదే నడుస్తుంది. 2012 నుంచి అబ్బాయిలు పద్దెనిమిదేళ్ళకే వెళ్ళొచ్చు. వాళ్ళకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం లేదు, దాచుకున్న డబ్బో, ఇంటివాళ్ళు పంపిందో ఖర్చు పెట్టుకోవాలి. ఏ దేశమో కోరుకునే వీలు లేదు. సంఘం నుంచి ఉత్తరం వస్తుంది, అందులో ఏ ఊరుంటే ఆ ఊరికి.

ఉదయం ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, స్నానం, తిండి, ఆపైన లేఖన పఠనం, భాషాభ్యాసం. పది దాటాక రోడ్డెక్కితే రాత్రి తొమ్మిదికి గూటికి చేరతారు, పదిన్నరకు లైటు ఆర్పేస్తారు. దేశాన్ని బట్టి వేళలు కొంచెం అటూఇటూ అవుతాయి. వారానికో రోజు బట్టలుతుక్కోడానికి, క్షవరానికి, సరుకులకు. ప్రేమలు, సరదాగా సినిమాలు లేవు. నెలలో ఓ ఆదివారం రెండు పూటల ఉపవాసం. ఇంటికి ఫోను ఒకప్పుడు ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. 2019 నుంచి వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు. ఇది ఇంకా ముందే చేయాల్సింది.

ఈ పద్ధతికి ప్రాణం జత. మిషనరీ ఒంటరిగా ఉండకూడదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి, బయట ఒకరికొకరు కనబడుతూ వినబడుతూ తిరగాలి. జోడీని పైవాళ్ళే కుదురుస్తారు, కొన్ని వారాలకో నెలలకో మారుస్తారు. నచ్చనివాడితో కలిసి వండుకు తినడం, వాడి గురక భరించడం, పొద్దున పోట్లాడుకుని సాయంత్రం మరొకరింట్లో కూర్చుని శాంతి గురించి చెప్పడం! ఏ పుస్తకం కన్నా ఎక్కువ పాఠం అక్కడే అందుతుందని నా నమ్మకం. జత కాపలా కూడా. జారబోయేవాణ్ణి రెండోవాడు ఆపుతాడు, బెంగపడ్డవాణ్ణి లేపి నడిపిస్తాడు. అయినా మధ్యలో ఇల్లు చేరేవాళ్ళున్నారు. వాళ్ళకు సొంత వాళ్ళ దగ్గరే తలెత్తుకోలేని పరిస్థితి వస్తే అది ఆ సంప్రదాయానికి మచ్చే.

బోధ తీరూ మారింది. వెనకటి తరాలు పాఠాలు వల్లెవేసేవి. 2004లో వచ్చిన ప్రీచ్ మై గాస్పెల్ అనే చేతిపుస్తకం, ఎదుటి మనిషిని బట్టి సొంత మాటల్లో చెప్పమంది. ఓ పేజీ చదివి మీరే ప్రార్థన చేసి చూడండి, మళ్ళీ వస్తామంటారు. నిర్ణయం వినేవాడికి వదిలేసినట్టే ఉంటుంది, కానీ ఆ "మళ్ళీ వస్తాం"లోనే పట్టంతా ఉంది.

తెలుగువాళ్ళ దగ్గర ఈ పట్టు ఎలా దొరికిందో చూడండి. 1853లో రిచర్డ్ బాలంటైన్ మద్రాసులో దిగి ఇంగ్లీషులో మాసపత్రిక నడిపాడు. ఏడాది తిరిగేసరికి వెళ్ళిపోయాడు, మిగిలింది స్వల్పం. నూట పాతికేళ్ళ తర్వాత, 1978 డిసెంబరులో, సమోవాలో ఉంటూ ఆ సంఘంలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు హైదరాబాదులో తమ బంధువుల ఇళ్ళకు వచ్చారు. ఇరవై మందికి పైగా చుట్టాలు బాప్తిస్మం తీసుకున్నారు. బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేశారు. ఎంచిన భాగాలు 1982లో అచ్చయ్యాయి. దేశంలో ఈ సంఘానికి తొలి "స్టేక్", అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. పత్రిక చేయలేని పని చుట్టరికం చేసింది. విదేశీయులకు మిషనరీ వీసా తేలిగ్గా దొరకదు కనుక ఇక్కడ ఎక్కువగా మన దేశపు పిల్లలే తిరుగుతారు. రాజమండ్రి పిల్లవాడు ఢిల్లీ మిషన్‌కు పడితే వాడికీ అది పరదేశమే. హిందీ తడుముకుంటాడు, చపాతీకి అలవాటు పడతాడు.

నాకు మింగుడుపడనిది మరొకటుంది. యూటాలో బాప్తిస్మం తీసుకుంటే పోయేది టీ, కాఫీ, సారా, పొగాకు. ఇక్కడ ఎస్సీ కుటుంబం తీసుకుంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదాయే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందికి వెళ్ళాలి. బదిలీ అయిపోయే కుర్రాడు ఆ ధర కట్టడు. అడిగితే చెప్పేంత అవగాహన అయినా వాడికి ఉండాలి.

అనంతపురానికి తెలిసిన మిషనరీ వేరే తరహా. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్యూట్‌గా ఈ దేశం వచ్చారు. మహారాష్ట్ర మన్మాడ్‌లో బావులు తవ్విస్తూ పెద్దలకు కంటగింపై, 1968లో దేశం విడవాల్సొచ్చింది. మరుసటేడు అనంతపురం చేరారు. 1970లో జెస్యూట్ సంఘాన్ని వదిలి, ఆన్‌ను పెళ్ళాడి, ఆర్డీటీ అనే సేవాసంస్థను నడిపారు. బావులు, ఇళ్ళు, బళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి. 2009లో ఇక్కడే కన్నుమూశారు. సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల ఇది. బుక్కరాయల పేరు మోస్తున్న మా చెరువు నిండిన ఏడాదిని జనం గుర్తుపెట్టుకుంటారు. వచ్చినవాడు ఏం చెప్పాడని కాకుండా, వేరుశనగ ఎండిన ఏడు కూడా ఉన్నాడా అని చూస్తారు. రెండేళ్ళకు కట్టిన టికెట్టుతో వచ్చిన పిల్లవాడు ఆ ఏటికల్లా ఊరు చేరిపోయి కాలేజీలో ఉంటాడు.