రిలే కట్టే చేతులు
బైకుకు పెద్ద హారన్ అంటే పాతది ఊడదీసి కొత్తది తగిలించడమే అనుకుంటాం. విజయవాడ ఆటోనగర్‌లో పని తెలిసిన ఎలక్ట్రీషియన్ ముందు రిలే అందుకుంటాడు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. జంట హారన్లు లాగే కరెంటంతా హ్యాండిల్ మీది చిన్న స్విచ్‌లోంచి పోతే దాని పాయింట్లు మాడిపోతాయి మరి. పాత హారన్ వైర్లు రెండూ రిలేలో 85, 86 కాళ్లకు; బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు 30కి; 87 నుంచి హారన్లకు. ఇక బొటనవేలు రిలేను తట్టిలేపితే చాలు. హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, వైరు ఎక్కడా లాగడం లేదని చూస్తాడు. వాన నీళ్లు నిలవకుండా హారన్ మూతి కిందికి వంచుతాడు. వెనక మరను కొద్దికొద్దిగా తిప్పుతూ బొంగురు తగ్గేదాకా చెవి ఒగ్గుతాడు. రాగాలు తీసే హారన్లు మాత్రం ముట్టడు, చట్టమూ ఒప్పుకోదు. మలుపు అవతలి లారీ డ్రైవరుకు, అద్దాలు ఎక్కించి ఉన్నా, బండి వస్తోందని తెలిస్తే చాలంటాడు.