అశక్తత ఎవరిది? వ్యసనచికిత్సా వాఙ్మయంపై స్త్రీల, మూలవాసుల పునఃపఠనం

వ్యాససంగ్రహం

మద్యవ్యసనానికి చికిత్సగా ఇరవయ్యో శతాబ్దంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన పన్నెండు సోపానాల గ్రంథం తన పాఠకుణ్ణి పురుషుడిగానే ఊహించుకుంది. ఆ గ్రంథాన్ని స్త్రీల పక్షాన జీన్ కిర్క్‌పాట్రిక్, స్టెఫనీ కోవింగ్టన్, అమెరికా మూలవాసుల పక్షాన డాన్ కోయ్‌హిస్ ఏ విధంగా తిరిగి చదివారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘అశక్తత’ అనే భావన వారి చేతుల్లో పొందిన మార్పులనూ ఆ మార్పుల పరిమితులనూ చర్చించి, తెలుగునేలపై ఈ చర్చకు గల ప్రసక్తిని సూచిస్తుంది.

కీలకపదాలు: వ్యసనచికిత్స, పన్నెండు సోపానాలు, స్త్రీవాద విమర్శ, మూలవాసులు, పునఃపఠనం, సారా వ్యతిరేకోద్యమం, కల్లు.

ఉపోద్ఘాతం

సాహిత్యవిమర్శ అంతగా పట్టించుకోని గ్రంథజాతి ఒకటుంది. రోగి తానే చదివి కోలుకోవడానికి రాసిన పుస్తకాలు అవి. వైద్యులు వాటిని సాధనాలుగా చూస్తారు, విమర్శకులు వాటిని సాహిత్యంగా గుర్తించరు. వ్యసనచికిత్సలో మాత్రం వాటి స్థానం చిన్నది కాదు. ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా మధుమేహ రోగికి ఆ మందు పనిచేస్తుంది. పన్నెండు సోపానాల మార్గంలో అడుగుపెట్టిన వ్యక్తి ఒక వాక్యాన్ని చదివి, అది తన గురించి చెప్పిన మాటేనని అంగీకరించి, నలుగురి ఎదుట పలకాలి. అంతవరకూ చికిత్స మొదలుకాదు. అందుచేత ఆ వాక్యంలోని ‘మేము’ అన్న సర్వనామం ఎవరిని ఉద్దేశించిందన్న ప్రశ్నపై రోగి ఆరోగ్యం ఆధారపడి ఉంది.

మద్యం ఎదుట తాము అశక్తులమని, తమ బతుకు అదుపు తప్పిందని ఒప్పుకోవడం మొదటి సోపాన సారాంశం. దీన్ని తెలుగులోకి తేబోయే అనువాదకునికి ఒక చిక్కు ఎదురవుతుంది. అశక్తులు, నిస్సహాయులు, బలహీనులు అని ఏ మాట ఎంచుకున్నా దాని పక్కనే ‘అబల’ అనే మాట నిలబడి ఉంటుంది. అమరకోశం స్త్రీ పర్యాయపదాల వరుసలోనే దాన్ని చేర్చింది. మొదటి సోపానాన్ని పలికిన పురుషుడు తన అహంకారం నుండి ఒక మెట్టు దిగుతాడు. అదే మాట పలికిన స్త్రీ లోకం తనకు ముందే పెట్టిన పేరును మరొకసారి చెప్పుకుంటుంది. ఇద్దరికీ ఒకే మందు ఇచ్చినట్లు కనిపిస్తుంది గాని, ఇద్దరి చేతా చేయిస్తున్న పని ఒకటి కాదు.

భర్త రాసిన భార్యల అధ్యాయం

ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్‌ల కలయికతో మొదలైంది. 1939లో వెలువడిన దాని మూలగ్రంథం తొలిముద్రణ ఉపశీర్షిక, వందమందికి పైగా పురుషులు కోలుకున్న కథగా ఆ గ్రంథాన్ని పరిచయం చేసింది. నిజానికి అందులో ఒక స్త్రీ కథ కూడా ఉంది. ఉపశీర్షికలో ఆమెకు చోటు దొరకలేదు.

ఆ గ్రంథంలో భార్యలను ఉద్దేశించిన అధ్యాయం విమర్శకునికి ఎక్కువ పనిపెడుతుంది. తాగుబోతుల భార్యలు తమ తోటి భార్యలతో మాట్లాడుతున్నట్లు అది ‘మేము’ అనే గొంతుతో సాగుతుంది. రాసినది మాత్రం బిల్ విల్సన్. ఆయన భార్య లోయిస్ ఆ అధ్యాయాన్ని తానే రాయాలనుకున్నారు, ఆ అవకాశం దక్కలేదు. దక్కనందుకు నొచ్చుకున్నారు కూడా. భార్య ఓర్పుతో ఉండాలి, కోపం చూపరాదు, భర్త మారే వరకు వేచి ఉండాలి అన్న బోధను తాగిన భర్తే భార్య గొంతుతో చెప్పిన అరుదైన కథనస్థితి ఇది. మన ప్రబంధాల్లోనూ పురుషకవి స్త్రీపాత్ర చేత మాట్లాడించాడు. అయితే కవి పేరు అక్కడ తెలిసే ఉంటుంది, పాఠకుడు మోసపోడు. ఇక్కడ రచయిత అనామకుడు కావడం వల్ల ఆ గొంతు నిజమైన భార్యల సాక్ష్యంగా చెలామణి అయింది. పైగా ఆ అధ్యాయం ఉనికే ఒక విభజనను స్థిరపరిచింది. తాగేవాడు పురుషుడు, భరించేది స్త్రీ. తాగే స్త్రీకి ఈ వ్యవస్థలో కూర్చునే కుర్చీ లేదు.

ఆ కుర్చీని మొదట లాక్కుని కూర్చున్నవారిలో మార్టీ మన్ ముఖ్యురాలు. ఆమెకు ఈ గ్రంథపు రాతప్రతిని 1939లో అందించినవాడు మానసిక వైద్యుడు హ్యారీ టీబౌట్. వ్యసనపరుడి అహం కుంగినప్పుడే అతడు లొంగిపోతాడని, ఆ లొంగుబాటే కోలుకోవడానికి ద్వారమని 1940లలో సిద్ధాంతీకరించినవాడూ ఆయనే. సిద్ధాంతం అహం కుంగాలంటుంది, ఆయన రోగి మార్టీ మన్ మాత్రం 1944లో మద్యవ్యసనంపై జాతీయస్థాయి ప్రచారసంస్థను స్థాపించి దేశమంతా ఉపన్యసించింది. ఆమె స్వస్థత లొంగుబాటు వల్ల వచ్చిందా, గొంతు దొరకడం వల్ల వచ్చిందా అన్నది అడగదగిన ప్రశ్న. ఆమె కథ 1955 నాటి రెండవ ముద్రణలో చేరింది.

నిరాకరించిన పాఠకురాలు

జీన్ కిర్క్‌పాట్రిక్ సామాజికశాస్త్రంలో పరిశోధన చేసిన విదుషి, స్వయంగా మద్యవ్యసనానికి లోనైన వ్యక్తి. పన్నెండు సోపానాల మార్గంలో కొంతకాలం నిలిచి, తిరిగి పడిపోయి, తనదైన దారిలో కోలుకున్నారు. 1975లో ‘విమెన్ ఫర్ సొబ్రైటీ’ని స్థాపించి పదమూడు ప్రకటనలను రూపొందించారు. మొదటి ప్రకటనలోనే ఆమె మూలగ్రంథపు వ్యాకరణాన్ని తిరగేశారు. సమస్య తనను పట్టుకున్నది గతంలో, ఇప్పుడు దాన్ని పట్టుకున్నది తాను అన్నది ఆ ప్రకటన భావం. సమావేశాల్లో సభ్యురాలు తాను వ్యసనపరురాలినని చెప్పుకోదు, సమర్థురాలైన స్త్రీనని పరిచయం చేసుకుంటుంది. అపరాధభావం, సిగ్గు, తననుతాను తక్కువ చేసుకోవడం స్త్రీల తాగుడుకు మూలంలో ఉన్నప్పుడు, దోషాల పట్టికతో మొదలయ్యే చికిత్స ఆ మూలానికే నీరు పోస్తుందన్నది ఆమె వాదం.

ఈ వాదంలో పదును ఉంది. అయితే కిర్క్‌పాట్రిక్ నిర్మాణం ఎమర్సన్ తరహా ఆత్మవిశ్వాస తత్వంపై నిలిచింది. ఆలోచన మారితే జీవితం మారుతుందన్న నమ్మకం దానికి పునాది. ఇంటి అద్దె, బిడ్డ సంరక్షణ, దెబ్బలు కొట్టే భర్త, పోలీసు, ఇవేవీ ఆలోచనలు కావు. ఆమె ఊహించిన స్త్రీకి చదువు, కొంత తీరిక, గది తలుపు మూసుకోగల స్వేచ్ఛ ఉన్నాయి. పురుషుణ్ణి సార్వత్రిక మానవునిగా భావించిన పొరపాటును విడిచి, మధ్యతరగతి స్త్రీని సార్వత్రిక స్త్రీగా భావించిన పొరపాటులోకి ఆ గ్రంథం జారింది.

వ్యాఖ్యాత్రి

స్టెఫనీ కోవింగ్టన్ పద్ధతి వేరు. 1994లో వచ్చిన ఆమె పుస్తకం పన్నెండు సోపానాలను తోసివేయదు, వాటికి స్త్రీల వ్యాఖ్యానం సమకూరుస్తుంది. ఒక్కొక్క సోపానం వద్ద ఆగి, ఆ సోపానాన్ని బతికి చూసిన పలువురు స్త్రీల మాటలను చేరుస్తూ ఆమె ముందుకు సాగుతారు. మూలం కింద టీక, టీక కింద టిప్పణి పేర్చే మన వ్యాఖ్యాన సంప్రదాయం తెలిసినవారికి ఈ రూపం కొత్తగా తోచదు. మూలాన్ని మార్చకుండానే అర్థాన్ని మార్చడం వ్యాఖ్యాతకు చేతనైన పని. మద్యం మీద అధికారం లేదని ఒప్పుకోవడం, దేని మీద తనకు అధికారం ఉందో కనుక్కోవడానికేనని మొదటి సోపానాన్ని ఆమె చదివారు. అంటే ‘అశక్తత’కు హద్దు గీశారు. అది ఒక పదార్థం ఎదుట అశక్తత, లోకం ఎదుట కాదు.

1999 నాటి ఆమె చికిత్సాప్రణాళికలో ఆత్మ, సంబంధాలు, లైంగికత, ఆధ్యాత్మికత అనే నాలుగు విభాగాలున్నాయి. దీనికి ఆధారం జీన్ బేకర్ మిల్లర్ 1976లో ప్రతిపాదించిన ఆలోచన. స్త్రీ ఎదుగుదల వేరుపడటంలో కాక సంబంధాల్లో జరుగుతుందన్నది ఆ సిద్ధాంతం. లైంగిక హింస, బాల్యంలోని గాయాలు వ్యసనానికి తోడుగా ఉన్నప్పుడు రెండింటికీ కలిపి చికిత్స చేయాలన్న నేటి అవగాహన బలపడటంలో కోవింగ్టన్ పాత్ర గణనీయం. 2002లో చికిత్సాగ్రంథం ప్రచురించిన లిసా నజావిట్స్ కృషి కూడా ఇదే దారిలోది.

సంబంధమే స్త్రీస్వభావమన్న మాట మాత్రం నిలకడగా పరీక్షించదగ్గది. మిల్లర్, కోవింగ్టన్‌లు పరస్పరత ఉన్న సంబంధాన్నే కోరారు, అది నిజం. కాని ఆ షరతు ప్రణాళికాపత్రాల్లో ఉన్నంత స్పష్టంగా చికిత్సాలయంలో నిలుస్తుందని అనుకోలేం. కూతురు, కోడలు, తల్లి, తోడికోడలు అనే బంధాల మధ్య ఊపిరాడని స్త్రీకి మరికొన్ని సంబంధాలు సూచించడం కంటే, ఉన్నవాటిలో ఒకటి రెండింటిని తెంచుకునే హక్కు సూచించడం అవసరం కావచ్చు. ఈ గ్రంథాలు ఆ మాటను ఇంకొంచెం గట్టిగా అనవలసింది.

పుస్తకం బయటి స్త్రీ

ఇదే కాలంలో దక్షిణ కెరొలినాలోని చార్లెస్టన్ నగరంలో గర్భిణుల మూత్రాన్ని వారి సమ్మతి లేకుండా కొకైన్ కోసం పరీక్షించి, ఫలితాన్ని పోలీసులకు అందించే విధానం ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 1989లో మొదలైంది. అరెస్టయినవారిలో ఒకరు తప్ప అందరూ నల్లజాతి స్త్రీలే. 2001లో ఫెర్గూసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ పద్ధతిని రాజ్యాంగవిరుద్ధంగా తేల్చింది. నల్లజాతి స్త్రీ మాతృత్వాన్నే నేరంగా చూసే చరిత్రలో ఇది ఒక అధ్యాయమని డొరతీ రాబర్ట్స్ 1997 నాటి గ్రంథంలో నిరూపించారు. తన దోషాలను మరొకరి ఎదుట దాపరికం లేకుండా చెప్పుకోమనే అయిదవ సోపానాన్ని ఈ నేపథ్యంలో చదివితే అది ఎంత ప్రమాదకరమైన సలహాయో తెలుస్తుంది. చెప్పుకున్న మాట సాక్ష్యంగా మారని వారికే ఒప్పుకోలు ఔషధం. బెల్ హుక్స్ 1993లో నల్లజాతి స్త్రీల స్వస్థత గురించి రాసినప్పుడు జాత్యహంకారంపై పోరాటాన్నీ మనసు బాగుచేసుకోవడాన్నీ విడదీయకపోవడానికి కారణం ఇక్కడ అర్థమవుతుంది. కిర్క్‌పాట్రిక్‌లో గాని, తొలినాటి కోవింగ్టన్‌లో గాని ఈ భయానికి తగినంత చోటు దొరకలేదు.

వలయం, అడవి

మొహికన్ జాతికి చెందిన డాన్ కోయ్‌హిస్ 1988లో ‘వైట్ బైసన్’ సంస్థను స్థాపించారు. పన్నెండు సోపానాలను ఆయన నిచ్చెనగా కాక వలయంగా అమర్చారు. నాలుగు దిక్కులకు మూడేసి సోపానాలు. తూర్పున సృష్టికర్త, దక్షిణాన తాను, పడమట ఇతరులతో బంధం, ఉత్తరాన పెద్దల వివేకం. నిచ్చెనకు పై మెట్టు ఉంటుంది, ఎక్కినవాడు కిందివాణ్ణి చూస్తాడు. వలయంలో ఎవరూ పైన లేరు. రూపం మారడంతోనే అర్థం మారిన సందర్భమిది. ఆయన తరచు చెప్పే దృష్టాంతం కూడా ప్రసిద్ధమే. జబ్బుపడిన అడవి నుండి ఒక చెట్టును పెకలించి, బాగుచేసి, తిరిగి అదే నేలలో నాటితే అది మళ్లీ జబ్బుపడుతుంది. కనుక చికిత్స అడవికీ జరగాలి. 2009లో ఆయన బృందం మూలవాసుల పిల్లలను బలవంతంగా ఉంచిన వసతిపాఠశాలల స్థలాలకు యాత్ర చేయడం ఈ దృష్టాంతానికి ఆచరణరూపం.

ఇటువంటి కృషిని ‘సాంస్కృతిక అనుకూలీకరణ’ అని పిలవడం పరిశోధనాపత్రాల్లో అలవాటయింది. ఆ మాటలో ఒక తప్పుడు కాలక్రమం దాగి ఉంది. మూలం తెల్లవారిది, అనుకరణ ఇతరులది అని అది సూచిస్తుంది. సెనెకా జాతికి చెందిన హ్యాండ్‌సమ్ లేక్ తనకు కలిగిన దర్శనంతో మద్యవర్జనాన్ని ప్రబోధించినది 1799లో. ఏక్రన్ సమావేశానికి అది 136 ఏళ్ల ముందుమాట. కోయ్‌హిస్, విలియం వైట్ కలిసి 2006లో రాసిన చరిత్ర ఈ వరుసను సరిచేసింది.

వలయానికీ పరిమితులున్నాయి. వందలాది జాతుల వేర్వేరు ఆచారాలను అది ఒకే చిహ్నంలో కలుపుతుంది. సాంప్రదాయానికి తిరిగి వెళ్లమన్నప్పుడు ఆ సాంప్రదాయంలో స్త్రీకి దక్కిన స్థానమేమిటన్నది జాతి జాతికీ వేరుగా తేలవలసిన ప్రశ్న.

తెలుగు పాఠం

తెలుగునేలపై మద్యానికి సంబంధించి అత్యంత ప్రభావం చూపిన రచన ఒక వాచకపాఠం. అక్షరాస్యతా ఉద్యమంలో నెల్లూరు జిల్లా స్త్రీలు చదివిన ‘సీతమ్మ కథ’ 1992లో దూబగుంట స్త్రీలను సారా అంగడి మూయించే దాకా నడిపించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో రెండవది సడలిపోయింది. పాఠకుని స్పందనను ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ ఆధునిక తెలుగులో మరొకటి దొరకడం కష్టం. బిల్ విల్సన్ అధ్యాయం భార్యను ఓర్చుకోమంది. సీతమ్మ కథ చదివిన భార్యలు ఓర్చుకోలేదు. చెన్నైలో 1980లో టి.టి.కె. ఆసుపత్రిని నెలకొల్పిన శాంతి రంగనాథన్ కూడా మద్యవ్యసనం వల్ల భర్తను కోల్పోయిన స్త్రీయే. కుటుంబసభ్యులకు కూడా చికిత్సలో స్థానం కల్పించిన నిపుణురాలు ఆమె.

అయినా ఈ పాఠాలన్నింటిలో స్త్రీ తాగేవాని భార్యే. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం తీసుకునే వయోజన స్త్రీలు దేశం మొత్తం మీద 1.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం కాగా తెలంగాణలో 6.7 శాతం. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల మధ్య ఇంత తేడాకు కల్లు సంస్కృతి ముఖ్యకారణమని చెప్పవచ్చు. తెలంగాణ పల్లెలో పండుగనాడు, చావునాడు, నాట్లేసి వచ్చిన సాయంత్రం స్త్రీ కల్లు తాగడం తప్పుగా ఎంచబడలేదు. ఆ కల్లులో చెట్టు నుండి దిగినది తగ్గి అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి చేరాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే వణుకు, మూర్ఛ, మతిభ్రమణ లక్షణాలతో జనం ఎర్రగడ్డ ఆసుపత్రికి చేరారు.

ఇలా కల్తీ కల్లుకు బానిసైన కూలిస్త్రీకి మొదటి సోపానం చదివి వినిపిస్తే ఆమె ఏమని ఒప్పుకోవాలి? తాను తాగుతున్నది నిద్రమాత్రని ఆమెకు తెలియదు. కిర్క్‌పాట్రిక్ ప్రకటన ఆమెకు లేని తీరికను కోరుతుంది. కోవింగ్టన్ చెప్పిన గాయం ఆమె బాల్యంలోనే ఉండాలని లేదు, ఆ పూట సీసాలోనూ ఉంది. కోయ్‌హిస్ అడవి కొంత దగ్గరగా వస్తుంది, కాని ఆయన కథలో నేల జబ్బుపడింది, ఇక్కడ నేలలో మందు కలిపినవాడికి దుకాణం ఉంది. భర్త తాగుడు గురించి సీతమ్మకు ఒక కథ దొరికింది. కల్లు తాగే ఎల్లమ్మ తన గురించి తాను చదువుకోదగిన పేజీ తెలుగు చికిత్సాపుస్తకాల్లో ఉండవలసిన చోట, ప్రస్తుతానికి ఆసుపత్రి చీటీ మీద రాసే రోగలక్షణాల వరుస ఒకటే ఉంది.