బలానికి పడని గేరు

పాత పోర్షా 911ని ముచ్చటపడి కొన్నవాళ్లకు మొదటి నెలలో పట్టుకునే బెంగ దాదాపు ఒకటే: పొద్దున్నే బండి తీస్తే సెకండు గేరు పడదు. ఫస్టు పడుతుంది, బండి కదులుతుంది. రాడ్డును కిందికి లాగబోతే సగంలో ఏదో అడ్డం వచ్చినట్టు ఆగిపోతుంది. ఇంకాస్త బలం పెడితే కర్రుమంటుంది. భయపడి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లేసరికి గేర్ బాక్సు వేడెక్కి, గేర్లన్నీ బుద్ధిగా పడుతుంటాయి. మెకానిక్కు బండిని వదిలేసి మనవైపు అదోలా చూస్తాడు.

1972 మోడల్ నుంచి 1986 మోడల్ దాకా 911లో బిగించిన ఆ గేర్ బాక్సు పేరు 915. దాన్ని తిట్టుకునేవాళ్లు ఎంతమందో, దానికి అలవాటుపడ్డాక మరోటి వద్దనేవాళ్లూ అంతమంది ఉన్నారు. ఇద్దరిదీ తప్పు కాదనే అంటాను. ఆ బిగువులో కొంత భాగం లోపమే కాదు. ఆ కాలంలో డ్రైవరు చెయ్యాల్సిన పని అని బండి చేసినవాళ్లు వదిలిపెట్టిన భాగం. మిగతాది మాత్రం అరుగుదల, నిర్లక్ష్యం, తప్పు నూనె. ఏది ఏదో తేల్చుకోవడానికి స్పానర్ల కంటే ముందు గేర్లు వెయ్యడం రావాలి. గేర్లు వెయ్యడం ఎవరికి రాదు అంటారా? వస్తుంది, కానీ ఇవాళ్టి కార్లలో మనం వేసే గేర్లను సగం గేర్ బాక్సే వేసుకుంటోంది.

లోపల జరిగేది చూద్దాం. గేర్ బాక్సులో పళ్ల చక్రాలు ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలిసే ఉంటాయి. మనం రాడ్డు జరిపితే జరిగేది చక్రం కాదు, షాఫ్టు మీదున్న ఒక స్లీవు. అది వెళ్లి మనకు కావలసిన చక్రాన్ని పట్టుకుని షాఫ్టుకు తాళం వేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, షాఫ్టు వెనక చక్రాల వేగాన్ని బట్టి తిరుగుతుంటుంది, గేరు చక్రం ఇంజను వైపు వేగాన్ని బట్టి తిరుగుతుంటుంది. రెండు వేగాలూ కలిస్తేనే పట్టు దొరుకుతుంది. స్టాపులో ఆగకుండా నెమ్మదించి పోతున్న ఆర్టీసీ బస్సు ఎక్కేవాడు పక్కనే నాలుగడుగులు పరుగెత్తి, దాని వేగం అందుకున్నాకే ఫుట్‌బోర్డు మీద కాలు పెడతాడు. నిలబడ్డచోటి నుంచి దూకితే పళ్లు రాలతాయి. గేర్ బాక్సులోనూ అవే రాలతాయి.

ఆ పరుగు పని మనిషి బదులు తాను చెయ్యడానికి వచ్చిందే సింక్రో రింగు. స్లీవు పళ్లు తాకకముందే కోను ఆకారంలో ఉన్న రింగు వెళ్లి చక్రాన్ని రాపిడితో పట్టుకుంటుంది, దాని వేగాన్ని షాఫ్టు వేగానికి తెస్తుంది, ఆ తర్వాతే దారి వదులుతుంది. ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన ఈ ఏర్పాటును 1928లో కాడిలాక్ తన కార్లలో పెట్టింది. పోర్షా సొంతంగా మరో రకం సింక్రోను తయారుచేసుకుని 1952లో 356 మోడల్లోని అన్ని ముందు గేర్లకూ అమర్చింది. అందరూ అంత ఉదారంగా లేరు. బ్రిటిషు స్పోర్ట్స్ కారు ఎంజీబీకి 1967 చివరిదాకా ఫస్టు గేరుకు సింక్రో లేదు. మన రోడ్లమీద తిరిగిన పాత అంబాసిడర్‌కూ, ఫియట్ 1100కూ లేదు. అందుకే పాత టాక్సీ డ్రైవర్లు ఫస్టు వెయ్యాలంటే బండి పూర్తిగా ఆగేదాకా చూసేవాళ్లు. ఆగాక కూడా కొందరు ముందు సెకండుకు తాకించి, అక్కణ్నుంచి ఫస్టులోకి నెట్టేవాళ్లు. సెకండుకున్న సింక్రో లోపలి షాఫ్టును నిలబెట్టేస్తుంది, ఫస్టు చప్పుడు లేకుండా పడుతుంది. 911 యజమానులు ఇప్పటికీ సిగ్నల్ దగ్గర చేసే పని సరిగ్గా ఇదే.

సింక్రో ఉన్నా దాని ఓపికకు హద్దుంది. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5, అమెరికాలో మియాటా అంటారు, దాని అయిదు గేర్ల బాక్సును ఉదాహరణగా తీసుకుంటే లెక్క తేలిగ్గా తెలుస్తుంది. ఫస్టు నిష్పత్తి 3.136, సెకండు 1.888, థర్డు 1.330, ఫోర్తు నేరుగా 1. ఫోర్తులో 3000 ఆర్‌పీఎం దగ్గర ఉండగా థర్డుకు దిగాలంటే ఇంజను 3990కి చేరాలి. థర్డులో అదే 3000 నుంచి సెకండుకు దిగాలంటే దాదాపు 4260. ఎక్కేటప్పుడైతే ఫస్టులో 4000 ఉన్నది సెకండుకు వచ్చేసరికి 2400కు పడిపోవాలి. ఎక్కేటప్పుడు అన్నిటికంటే పెద్ద మెట్టు ఇదే. పాత స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి ముందుగా అలిగేది సెకండు గేరే కావడానికి కారణం ఇక్కడుంది: ఎక్కినా దిగినా దాని సింక్రో మీద పడే బరువు ఎక్కువ, రోజూ ఊళ్లో నడిపేవాడికి దాని వాడకమూ ఎక్కువ.

ఈ బరువును సింక్రో నెత్తిన పెట్టకుండా తానే మోసేవాడు డబుల్ క్లచ్ కొట్టే డ్రైవరు. క్లచ్ తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తెస్తాడు. క్లచ్ వదిలేస్తాడు. న్యూట్రల్‌లో ఉండగానే యాక్సిలరేటరును ఒక్క దెబ్బ తొక్కి ఇంజనును రేజ్ చేస్తాడు. మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేస్తాడు. మధ్యలో క్లచ్ ఎందుకు వదలాలి అనేది కొత్తవాళ్లకు వచ్చే అనుమానం. క్లచ్ తొక్కి ఉండగా ఎంత రేజ్ చేసినా ఇంజను ఒంటరిగా తిరుగుతుంది తప్ప గేర్ బాక్సులోకి ఆ వేగం చేరదు. వదిలితేనే లోపలి షాఫ్టు ఇంజనుతో పాటు లేస్తుంది. పై గేరుకు వెళ్లేటప్పుడు పని ఇంకా సులువు: న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, ఇంజను తనంతట తాను దిగేదాకా ఒక్క క్షణం ఆగడమే.

ఇది స్టట్‌గార్ట్‌లోని పోర్షా ఇంజనీర్ల రహస్యమేమీ కాదు. సింక్రో లేని లారీలు నడిపిన మన డ్రైవర్లందరికీ ఇది రోజువారీ పని. క్లీనరుగా చేరిన కుర్రాడు పెద్ద డ్రైవరు పక్కన కూర్చుని ముందు చెవితో నేర్చుకునేవాడు, ఇంజను గొంతు ఎక్కడికి చేరితే గేరు పడుతుందో పట్టుకునేవాడు, ఆ తర్వాతే చెయ్యి. శ్రీశైలం ఘాట్‌లోనో మారేడుమిల్లి ఘాట్‌లోనో నిండు లోడుతో దిగేటప్పుడు మలుపుకు ముందే కింది గేరు పడి తీరాలి. అక్కడ గేరు పడక బండి న్యూట్రల్‌లో జారితే బ్రేకుల మీద ప్రాణం పెట్టుకోవడమే. ఆ చేతులకు 915 ఇచ్చినట్టయితే రెండు కిలోమీటర్లలో దారికి తెచ్చుకునేవని నా నమ్మకం.

స్పోర్ట్స్ కారులో దీనికి మరో మెలిక కలుస్తుంది. మలుపు ముందు బ్రేకు వెయ్యాలి, అదే సమయంలో గేరు దించాలి, దించుతూ రేజ్ ఇవ్వాలి. కాళ్లు రెండే. అందుకని కుడిపాదం ముందుభాగం బ్రేకు మీద ఒకే ఒత్తిడితో ఉంచి, అదే పాదం పక్క అంచుతోనో మడమతోనో యాక్సిలరేటరును తడతారు. గేరు దిగిన క్షణాన వెనక చక్రాలు కుదుపుకు గురికావు. బండి మలుపులోకి నిలకడగా వెళుతుంది. ఇంజను వెనకనున్న పాత 911 లాంటి కారులో ఆ కుదుపు తోకను పక్కకు విసిరేయగలదు కాబట్టి ఇది సోకు కాదు, అవసరం. పాత 911 పెడళ్లు నేలనుంచి పైకి వస్తాయి, పాదం దొర్లించడానికి అవి మహా అనువు. అయర్టన్ సెన్నా సుజుకా ట్రాక్ మీద హోండా ఎన్ఎస్ఎక్స్ నడుపుతుంటే కాళ్ల దగ్గర కెమెరా పెట్టి తీసిన వీడియో ఒకటుంది. మామూలు బూట్లు, తెల్ల సాక్సులు. చూసేవాళ్లకు పాదం ఒక్కటే కనిపిస్తుంది, చేస్తున్నది మాత్రం రెండు పాదాల పని.

ఇక నూనె సంగతి. చల్లగా ఉన్నప్పుడు గేర్ ఆయిలు చిక్కబడి షాఫ్టులను ఈడుస్తుంది. ఆ పొరను చీల్చుకుని సింక్రో కోను పట్టు సంపాదించడానికి సమయం పడుతుంది. లోహపు గేటు చాళ్లలో రాడ్డు టిక్కుటిక్కుమంటూ కదిలే పాత ఫెరారీల్లో (308, 328, టెస్టరోసా) ఇది బాగా తెలిసిన చాదస్తం. వాటి యజమానులు మొదటి కొన్ని కిలోమీటర్లు సెకండు జోలికే పోరు. ఫస్టు నుంచి నేరుగా థర్డుకు వేస్తారు. ఇంజను వేడి చూపించే ముల్లును నమ్మడానికీ లేదు, నీళ్లు వేడెక్కిన చాలాసేపటికి గాని గేర్ బాక్సు వేడెక్కదు. ఇంట్లో నిలబెట్టి ఇంజను ఆన్ చేసి ఉంచితే అదీ జరగదు. నింపాదిగా నడపాల్సిందే. వేళ్లతో రాడ్డును గేరు వైపు ఆనించి పట్టుకుని, లోపల వేగాలు కలిసేదాకా అర సెకను ఆగితే అదే జారి పడుతుంది. పిడికిలి బిగించినవాడికి పడదు, పడినా ఆ దెబ్బ రింగు ఆయుష్షులోంచి పోతుంది. పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలని నడుపుతున్నంతసేపూ చెయ్యి రాడ్డు మీద వేసి ఉంచే అలవాటు కూడా మంచిది కాదు. ఆ బరువు, స్లీవును జరిపే ఫోర్కును లోపల తిరుగుతున్న ఆ స్లీవు మీద రాపాడిస్తుంది.

ఇంతవరకూ మనిషి చెయ్యవలసింది. ఇవన్నీ చేసినా, బండి పూర్తిగా వేడెక్కినా బిగువు తగ్గకపోతే అప్పుడు రోగం వెతకాలి. మొదటి పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూడాలి. ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్టు చేశాక మొండికేస్తే తప్పు గేర్ బాక్సుది కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఇంకో రుజువు రివర్సు గేరు: చాలా కార్లలో దానికి సింక్రో ఉండదు. బండి నిలబెట్టి, క్లచ్ మొత్తం తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్సు వెయ్యాలి. అప్పటికీ కర్రుమంటే క్లచ్ ఈడుస్తోందన్నమాట. ఎంఎక్స్-5లో దీనికి పేరుమోసిన దోషి కింద గేర్ బాక్సు పక్కనుండే క్లచ్ స్లేవ్ సిలిండరు. దాని రబ్బరు సీళ్లు పాడై ఫ్లూయిడు కారిపోతుంది. పెడలు నేలకు ఆనుతుంది, క్లచ్ మాత్రం సగమే విడుస్తుంది. చిన్న భాగం, చిన్న ఖర్చు. దాన్ని చూడకుండా గేర్ బాక్సు దింపించుకున్నవాళ్లు ఉన్నారు. 915 ఉన్న 911లో క్లచ్‌కు కేబులు ఉంటుంది, దాని సర్దుబాటు తప్పినా ఇదే గోల.

ఇంజను ఆపినా బిగుసుకునే ఉంటే రాడ్డు దారి చూడాలి. ఎంఎక్స్-5లో రాడ్డు నేరుగా గేర్ బాక్సు మీదే నిలబడుతుంది, దాని మొదట్లో కొంచెం నూనె నిలవ ఉండే గూడు ఉంటుంది. పైనున్న రబ్బరు తొడుగులు ఏళ్లు గడిచేకొద్దీ చిరుగుతాయి, గూడు ఎండిపోతుంది, రాడ్డు గరగరలాడుతుంది. 911 కథ వేరు: రాడ్డు ముందు, గేర్ బాక్సు వెనక; మధ్యలో పొడవాటి కడ్డీ, దాన్ని కలిపే చోట్ల ప్లాస్టిక్ బుషింగులు. అవి అరిగితే గేరు గట్టిపడదు, ఎక్కడుందో తెలియకుండా పోతుంది. చెయ్యి గేటు తప్పి నెడుతున్నా డ్రైవరుకు మాత్రం అది బిగువుగానే తోస్తుంది. 915కు వచ్చిన చెడ్డపేరులో సగం ఈ బుషింగులు తెచ్చిపెట్టిందేనని నాకనిపిస్తుంది.

నూనె మార్చేటప్పుడు డబ్బా మీద రాసింది చదవాలి. జీఎల్-5 అని ఉన్నది డిఫరెన్షియల్లో నలిగే గేర్ల కోసం తయారైంది. దానిలో కలిపే గంధకపు పదార్థాలు కొన్ని బాక్సుల్లోని ఇత్తడి రింగులకు సరిపడవు. పైగా సింక్రో బతికేది రాపిడి మీద, మరీ జారుడు నూనెలో అది పట్టు కోల్పోతుంది. అందుకే చాలా పాత బాక్సులకు జీఎల్-4 అడుగుతారు. 911లో గేర్ బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో, ఒకే నూనెలో ఉంటాయి కాబట్టి రెండిటినీ మెప్పించే రకం ఎంచుకోవాలి. బండి పుస్తకం ఏం చెబితే అది పొయ్యడం క్షేమం. ఇదంతా సరిచూశాక కూడా వేడి బండిలో ఒకే ఒక్క గేరు కర్రుమంటే ఇక వాదన లేదు, ఆ రింగు అరిగింది, బాక్సు విప్పాల్సిందే.

పోర్షా 1987 మోడల్‌తో 915ను పక్కనబెట్టి జీ50 అనే కొత్త బాక్సు, హైడ్రాలిక్ క్లచ్ తెచ్చింది. అది చాలా సులువు. 1997లో ఫెరారీ ఎఫ్355లో ఒక రకానికి స్టీరింగు వెనక మీటలు పెట్టి క్లచ్ పెడలే తీసేసింది. ఇవాళ్టి రెండు క్లచ్‌ల ఆటోమేటిక్కులు ఎంతటి డ్రైవరు కంటేనైనా త్వరగా గేరు మారుస్తాయి, అందులో అనుమానం లేదు. కానీ 2013లో 911 జీటీ3ని పోర్షా ఆటోమేటిక్‌గా మాత్రమే విడుదల చేస్తే అభిమానులు గోల పెట్టారు. 2016లో ఆరు గేర్ల మాన్యువల్‌తో 911 ఆర్ అని 991 కార్లు చేస్తే, చేతులు మారినప్పుడు అసలు ధరకు చాలా పైన అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాదే జీటీ3లోకి మాన్యువల్ తిరిగొచ్చింది, అదనపు ధర కూడా లేకుండా. వేగమే కావాలనుకుంటే ఎవరూ అలా కొనరు. సరిగ్గా కలిసిన గేరు చేతికి తెలుస్తుంది, మెషీను వేసిన గేరు చెవికి మాత్రమే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో వాడిన మియాటా కొనాలని చూస్తున్నవాళ్లకు ఒక మాట. చూడటానికి వస్తున్నానని ఫోన్ చేసినప్పుడే, నేను వచ్చేదాకా బండి స్టార్టు చెయ్యవద్దని అడగాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. చల్లగా ఉంటే, ఇంజను ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి గేర్లన్నీ వెయ్యాలి, తర్వాత రోడ్డెక్కి థర్డు నుంచి సెకండుకు నిదానంగా దించాలి. చల్లటి బాక్సు కాస్త మొండికేసి, పది కిలోమీటర్లలో దారికొస్తే బేరం మొదలుపెట్టవచ్చు. వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మాత్రం ఆ పూటకు టీ తాగి, రేపు పొద్దున్న వస్తానని చెప్పి వచ్చెయ్యడమే.