గోధుమరంగు కాగితముపై తెల్లపూవు

తెల్ల కాగితముపై తెల్లపూవును చిత్రించుట కష్టము. రేకు అంచును నల్లగీతతో చూపవలసివచ్చును. నిజమైన రేకునకు అట్టి గీత లేదు. తెనాలి పెరళ్ళలోని నందివర్ధనమును గాని, రేపల్లె ప్రాంతపు చెరువులలోని తెల్లకలువను గాని చిత్రించబోవు విద్యార్థికి ఈ చిక్కు వెంటనే ఎదురగును. అట్టి పూవులకు గోధుమరంగు కాగితము, నల్లసిరా, తెల్లసిరా మేలైన సాధనములు. కాగితపు రంగే నడిమి ఛాయ యగును. నీడకు నలుపు, వెలుగు సూటిగా తగిలినచోట తెలుపు, అంతకుమించి అక్కరలేదు.

ఇందులో శాస్త్రవిషయ మొకటి ఉన్నది. నందివర్ధనపు రేకులో తెల్లరంగు పదార్థమేదియు లేదు. కణముల నడుమనున్న గాలి ఖాళీలవద్ద కాంతి చెదరి అన్నివైపులకు మరలుటచే అది తెల్లగా కనబడును. రేకును వ్రేళ్ళతో నలిపి చూడుడు: ఖాళీలలో గాలి పోయి రసము నిండును, రేకు నూనెకాగితమువలె అగును. తెల్లసిరా కథయు ఇదే. జింకు ఆక్సైడు వక్రీభవన గుణకము సుమారు 2, దానిని పట్టియుంచు జిగురుది సుమారు 1.5. ఈ తేడావలననే కాంతి చెదరును. పూవు తెలుపునకు, సిరా తెలుపునకు కారణ మొక్కటే!

అయితే తెల్లసిరా చేతికి వచ్చినంతనే రేకునంతయు పూసివేయు అలవాటు కలదు. అపుడు ఒంటిరేకు నందివర్ధనములో ఐదు రేకులు ఒకదానిపై నొకటి మెలితిరిగి యుండుట మాయమగును. కాగితముతో చేసిన పూవు మిగులును. అన్ని పూవులకును ఈ పద్ధతి నప్పదు కూడ. బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకపై మేకగిట్టలవంటి ఆకులతో ప్రాకు తీగ పూవు ఊదారంగుది. పలుచని రంగుసిరాలో కాగితపు గోధుమవన్నె కలిసి, ఆ ఊదా బురదవలె తేలును. దానికి తెల్ల కాగితమే సరి.

ఇంతకంటె పెద్దలోపము వేరొకటి. విలియం రాక్స్‌బరో సామర్లకోటలో స్థానిక చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795-1820 నడుమ లండనులో మూడు సంపుటములుగా, 300 పటములతో వెలువడినది. వెలుగునీడల సొగసులో నేటి గోధుమ కాగితపు చిత్రమే వానిని మించవచ్చును. కాని ఆ చిత్రకారులు పూవును విప్పి చూపిరి. కొమ్మ క్రింద కేసరములు, అండాశయము విడివిడిగా కనిపించును. నందివర్ధనపు ఐదు కేసరములు గొట్టము లోపల దాగియుండును. ఎంత చక్కని వెలుగునీడలైనను వానిని చూపలేవు. గొట్టమును నిలువుగా చీల్చవలసినదే. తరగతిలో మెప్పు పొందిన చిత్రములలో ఎన్నిటికి ఈ పరీక్ష పెట్టినారో?

కాగితమునందు కూడ జాగ్రత్త వలయును. చవక పొట్లపు కాగితములోని లిగ్నిను, ఆమ్లము కాలక్రమమున దానిని పెళుసు చేయును. మసితో చేసిన నల్లసిరా వెలిసిపోదు గాని, క్రింది కాగితమే పొడియైనచో సిరా చేయగలది లేదు. ఆమ్లము లేని దళసరి కాగితము తెచ్చుకొని, పూవును ఒకప్రక్కకు జరిపి, చీల్చిన గొట్టమునకు జానెడు చోటు విడువవలెను.